నొప్పి ఉన్నవారికి ప్రవేశం లేదు

రాచగుంటపాలెంలో పోయినేడాది ఒక్కరి కాలు కూడా బెణకలేదు. బెణకడానికి వీల్లేదని మున్సిపాలిటీ తీర్మానం చేసింది. తీర్మానం తర్వాత కూడా కొందరు మొండిగా బెణికించుకున్నారు గానీ, అవి బెణుకులు కావని రెండో తీర్మానం చేసి ఆ ముచ్చట కూడా తీర్చేశారు. నమ్మకపోతే రండి, ఊరి మొదట్లోనే బోర్డుంది. చూసుకుని నడవండి. బోర్డు కింద గుంట ఉంది.

ఇదంతా కమిషనర్ వైకుంఠరావు గారు పట్నం వెళ్ళి మెడల్ తెచ్చుకోవడంతో మొదలైంది. అక్కడేదో పెద్ద పరుగు జరిగింది. వచ్చిన ప్రతివాడికీ నీళ్ళ సీసా ఇచ్చినట్టే మెడల్ కూడా ఇచ్చారు. ఆ రెండో సంగతి ఆయన చెప్పలేదు. మెడలో దాంతోనే ఆఫీసుకొచ్చారు, దాంతోనే సంతకాలు పెట్టారు, దాంతోనే మురిక్కాలవ చూడ్డానికి వెళ్ళారు. సరిగ్గా అదే వారం పై నుంచి ఒక పథకం దిగింది. పేరు 'పరుగు పట్టణం'. ఏ ఊరు ఎక్కువగా పరిగెత్తి తక్కువగా దెబ్బలు తగిలించుకుంటుందో ఆ ఊరికి కప్పు.

మొదటి ఆదివారం మున్సిపల్ గ్రౌండులో సిబ్బంది పరుగు. షామియానా వేశారు. టిఫిను లేకపోతే జనం రారు కాబట్టి ముందు పూరీలు, మైసూర్ బజ్జీలు పెట్టారు. తర్వాత ఒళ్ళు వేడెక్కడానికి అందరిచేతా చేతులూ కాళ్ళూ ఊపించారు. ఊపిన వెంటనే పరిగెత్తనిస్తే బాగుండేది. కానీ జ్యోతి వెలిగించకుండా మన దగ్గర ఏది మొదలవుతుంది? జ్యోతి వెలిగింది, శాలువాలు కప్పారు, ఆరోగ్యమే మహాభాగ్యమని ఒకాయన ముప్పావుగంట చెప్పాడు. వేడెక్కిన ఒళ్ళు చల్లబడింది, పూరీ కడుపులో స్థిరపడింది. అప్పుడు జెండా ఊపారు.

జెండా ఊపగానే మావాళ్ళు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడానికి ఉరికినట్టు ఉరికారు. చెప్పులతో కొందరు, చెప్పులు చేతబట్టుకుని కొందరు. చిన్నప్పుడు బళ్ళో పరిగెత్తడమే, మళ్ళీ ఇదే. మొదటి మలుపు దగ్గరే పన్నుల విభాగం కూలింది. దాని మీద నీటిసరఫరా విభాగం పడింది. టౌన్ ప్లానింగ్ వాళ్ళు పక్కకి తప్పుకోబోయి, తామే అనుమతి ఇచ్చిన ప్రహరీకి గుద్దుకున్నారు.

సోమవారం ఆఫీసంతా కుంటుతోంది. పనులన్నీ ఆగిపోయాయి. ఊళ్ళో వాళ్ళకి ఈ సంగతి గురువారం దాకా తెలియలేదు.

కప్పు పోతుందేమోనని కమిషనర్ గారికి దిగులు పట్టుకుంది. అప్పుడు నస్రీన్‌ని తెచ్చారు. నస్రీన్ ఫిజియోథెరపీ చదువుకున్న పిల్ల. చదువుకున్న దానికంటే ఎక్కువ మాట్లాడుతుంది, అనుకున్నది అనకుండా ఇంటికి పోదు. ఆమెకి 'గాయ నివారణాధికారిణి' అని పేరుపెట్టి, ఏసీ గది ఇచ్చి, మీటింగు హాల్లో క్లాసు చెప్పించారు.

"కొత్తగా పరుగు మొదలెట్టినవాళ్ళకి దెబ్బ తగిలేది పరుగు వల్ల కాదు, తొందర వల్ల," అంది నస్రీన్. "గుండె, ఊపిరి త్వరగా అలవాటు పడతాయి. ఎముకకీ కండకీ టైం పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని మీరు దూరం పెంచేస్తారు, పిక్క మాత్రం ఇంకా నిన్నటి దగ్గరే ఉంటుంది. కాబట్టి కాస్త పరుగు, కాస్త నడక. మధ్యలో విశ్రాంతి రోజులు. పిక్కలకీ తుంటికీ బలం వచ్చే కసరత్తులు నేను నేర్పుతా. చిన్న నొప్పి రాగానే నా దగ్గరికి రండి. పెద్దదయ్యేదాకా దాచుకోవద్దు."

విశ్రాంతి అన్నచోట హాలంతా చప్పట్లు కొట్టింది. మిగతాచోట్ల కొట్టలేదు.

కమిషనర్ గారు లేచారు. "అమ్మా, తమరి ప్రసంగం ఆసాంతం ఆలకించాను. ఇందుమూలముగా తేలిన సారాంశం ఏమనగా, గాయాలకు మూలకారణం పరుగు."

"నేను తొందర అన్నాను సార్."

"తొందర లేకపోతే దాన్ని పరుగు అనరు కదమ్మా, నడక అంటారు."

మేనేజర్ దశరథరామయ్య అది రాసుకున్నాడు. ఆయన ఎప్పుడు రాసుకున్నా ఊరికి ఏదో ఒకటి అవుతుంది. మర్నాడు నస్రీన్ గది తలుపు మీద కొత్త బోర్డు వేలాడింది: 'గాయ నివారణ కేంద్రం. నొప్పి ఉన్నవారికి ప్రవేశం లేదు.'

నస్రీన్ ఆ బోర్డు పట్టుకునే మేనేజర్ గదిలోకి వెళ్ళింది. "ఇదేంటండీ?"

"కూర్చోమ్మా. నీ పోస్టు నివారణ. నివారణ అంటే నొప్పి రాకముందు. వచ్చాక చేసేది చికిత్స. చికిత్స వైద్యశాఖది. వేరే శాఖ పనిలో మనం వేలుపెట్టడం క్రమశిక్షణా రాహిత్యం."

"చిన్న నొప్పిని పట్టుకుంటేనే కదండీ పెద్ద గాయాన్ని ఆపేది. అదే నివారణ."

"చిన్నదైతే నొప్పి కాకుండా పోతుందా? చిన్న లంచం లంచం కాదా?"

ఆ విషయంలో ఆయన అనుభవాన్ని ఎవరు మాత్రం కాదనగలరు. నస్రీన్ బోర్డు అక్కడే పెట్టి వచ్చేసింది. అటెండరు దాన్ని మళ్ళీ తెచ్చి తగిలించాడు.

ఆ తర్వాత ఆదేశాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. పరుగు మూలకారణం కాబట్టి, మొదట పరుగు తీసేసి నడక పెట్టారు. నడకలో ఒక గుమాస్తా అరికాలు బొబ్బలెక్కింది. నడక తీసేసి నిలబడ్డం పెట్టారు. నిలబడ్డవాళ్ళలో ఒకాయనకి కళ్ళు తిరిగాయి. అప్పుడు కమిషనర్ గారు చరిత్రలో నిలిచిపోయే ఉత్తర్వు ఇచ్చారు: 'విశ్రాంతి సైతం శిక్షణలో అంతర్భాగమని నిపుణురాలు స్వయంగా సెలవిచ్చియున్నందున, శిక్షణ యావత్తూ సదరు భాగంలోనే నిర్వహించవలసినదిగా నిర్ణయించడమైనది.' సిబ్బంది కుర్చీల్లో వెనక్కి వాలి శిక్షణ పొందారు. కొందరు భోజనం తర్వాత అదనపు శిక్షణ కూడా తీసుకున్నారు.

ఊరిని మాత్రం ఎందుకు వదలాలి. ఊళ్ళో ఎవడి కాలు బెణికినా లెక్క మున్సిపాలిటీదే. గ్రౌండుకి తాళం వేశారు. కదిలిపోయే బస్సు వెంట పడరాదన్నారు. బడి గంట కొట్టాక పిల్లలు గేటు దాకా నెమ్మదిగా, వరసలో, పెళ్ళికూతురు నడిచినట్టు నడవాలన్నారు. వీధికుక్కల సంగతేమిటని వార్డు మనుషులు అడిగారు. దానికీ ఉత్తర్వు వచ్చింది: కుక్క తరిమిన పక్షంలో పౌరులు ముందుగా తగినంత వార్మప్ చేసి, పిమ్మట మాత్రమే కదలవలెను. కుక్కలని పట్టించొచ్చు కదా అని ఒకావిడ అంటే, కుక్కల వెంట పరిగెత్తే సిబ్బందికి గాయాలు కావచ్చు కదా అన్నారు. రోడ్డు మీద గుంటలు పూడ్చలేదు, గుంట గుంటకీ 'ఇక్కడ పరిగెత్తరాదు' అని బోర్డు పాతారు. బోర్డు పాతడానికి ఇంకో గుంట తవ్వారు.

ఈ గ్రౌండు తాళం దగ్గరే చెంచులక్ష్మి జీవితం ఇరుక్కుంది.

చెంచులక్ష్మి ఊరి హద్దు అవతల, బైపాస్ మీద పెట్రోలు బంకులో పనిచేస్తుంది. పొద్దుగూకులూ నిలబడే పని. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు పరీక్ష. ఇప్పుడు తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పరిగెత్తని మనిషి, పొద్దున్నే గ్రౌండులో మట్టి మీద మొదలుపెట్టింది. తాళం పడ్డాక బైపాస్ సిమెంటు రోడ్డు మీదికి మారింది. అడిగి చెప్పించుకునే దిక్కు లేదు. తొందర ఉంది, భయం ఉంది. రోజూ పరుగే, రోజూ నిన్నటికంటే ఎక్కువే. కొన్నాళ్ళకి మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది. మొదట పరుగు అయ్యాక వచ్చేది. తర్వాత పరుగులో వచ్చింది. తర్వాత పెట్రోలు కొడుతుంటే కూడా వచ్చింది.

మున్సిపాలిటీలో కాళ్ళ డాక్టరమ్మ ఉందని విని వెళ్ళింది. తలుపు దగ్గర దశరథరామయ్య అడ్డుపడ్డాడు.

"ఏం కావాలమ్మా?"

"డాక్టరమ్మని కలవాల సార్. కాలు నొప్పిగా ఉంది."

"చదువుకున్నావా?"

"డిగ్రీ సార్."

"అయితే బోర్డు చదువు."

చదివింది. "నొప్పి లేకపోతే నేనెందుకొస్తా సార్?"

"అదే మేమూ అంటున్నాం. ఎందుకొచ్చావు?"

పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. అక్కడ డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, వెలుతురులో పెట్టి చూసి, ఎముక విరగలేదన్నారు. "ఇది మాది కాదమ్మా. రాకుండా చూసుకోవాల్సింది. దానికి మున్సిపాలిటీలో మనిషిని పెట్టారుగా."

"వాళ్ళు నొప్పి రాకముందు రమ్మంటన్నారు. మీరేమో విరిగినాక రమ్మంటన్నారు. మధ్యలో ఉంటే యాడికి పోవాల సార్?"

"మధ్యలో ఉన్నవాళ్ళకి ఇంకా శాఖ పెట్టలేదు," అన్నాడాయన, చాలా మర్యాదగా.

మర్నాడు మళ్ళీ మున్సిపాలిటీకొచ్చింది. ఈసారి నడక సరిచేసుకుని, పళ్ళు కరుచుకుని, చిరునవ్వుతో వచ్చింది. "నాకు ఏ నొప్పీ లేదు సార్. రాకుండా చూపిచ్చుకుంటా."

దశరథరామయ్యకి అనుమానమొచ్చింది. నొప్పి దాచుకుని దొంగతనంగా లోపలికి వచ్చేవాళ్ళ మీద నిఘా పెట్టాలని ఉత్తర్వు ఉంది కాబట్టి, సాక్షిగా తానే లోపలికొచ్చి కూర్చున్నాడు. నస్రీన్ చెంచులక్ష్మి కాలు చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఎముక వెంబడి మెల్లగా నొక్కుతూ వచ్చింది. ఒకచోట చెంచులక్ష్మి గొంతులోంచి కుక్కర్ కూత లాంటిది వచ్చింది.

"ఆ శబ్దం ఏమిటి?" అన్నాడు మేనేజర్.

"చక్కిలిగింత సార్."

"కళ్ళలో నీళ్ళేమిటి?"

"డాక్టరమ్మ మంచితనం చూసి సార్."

నస్రీన్ మళ్ళీ నొక్కింది. చెంచులక్ష్మి బల్ల అంచు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు. దశరథరామయ్య లేచి, ఈ మనిషికి స్పష్టంగా నొప్పి ఉంది, లేదంటోంది కాబట్టి మోసం కూడా ఉంది అని తేల్చి, బయటికి పంపించాడు. నస్రీన్ మేనేజర్ని ముఖం మీదే నాలుగు మాటలతో కడిగేసింది. అవి ఇక్కడ రాయడం కుదరదు. ఆయన మాత్రం అన్నీ రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నస్రీన్ స్కూటర్ వేసుకుని బంకుకి వెళ్ళింది.

"ఎంత కొట్టమంటారు మేడం?" తలెత్తకుండానే అడిగింది చెంచులక్ష్మి.

"కొంచెం. మెల్లగా కొట్టు. కొడుతూ విను." నస్రీన్ స్కూటర్ దిగింది. "ఎముకకి దెబ్బ మొదలైంది, ఇంకా ముదరలేదు. ఇట్లాగే పరిగెత్తావంటే చీలుతుంది. అప్పుడు ఉద్యోగం లేదు, పరుగూ లేదు. ఇవాళ్టినుంచి సిమెంటు రోడ్డు మానెయ్యి. కొన్నాళ్ళు పరుగే లేదు."

చెంచులక్ష్మి చేతిలో పెట్రోలు గొట్టం ఆగింది. "పరుగు పరీక్షకి పరిగెత్తకుండా ఎట్టా పోవాల మేడం? తేదీ దగ్గరపడతా ఉంటే."

"అదే తొందర. నిన్ను ఇక్కడికి తెచ్చింది అదే. నీ కాలు ఆగమంటోంది, నువ్వు దాన్ని తిడుతున్నావు. ఆ గట్టు ఎక్కు."

బంకులో పంపు కింద సిమెంటు గట్టు ఉంటుంది కదా, దాని అంచు మీద మునివేళ్ళు పెట్టించి, మడమలు గాల్లో ఉంచి, లేచి దిగమంది. లేచేటప్పుడు చులాగ్గా, దిగేటప్పుడు నెమ్మదిగా. చెంచులక్ష్మి ఒకచేత్తో పంపు పట్టుకుని లేస్తూ దిగుతోంది. వెనక బళ్ళు వరసకట్టి హారన్లు కొడుతున్నాయి.

"ఏందమ్మో, పెట్రోలు కొడతన్నావా, కోలాటం ఆడతన్నావా?" అన్నాడు వరసలో ఉన్న ఆటో అబ్రహాం.

"పిక్కలకి బలం అన్నా."

"మా పిక్కలకి బలం ఉందమ్మా, ట్యాంకుకే లేదు. ముందు దానికి పట్టు."

నస్రీన్ రోజూ వచ్చేది. ఒక్కసారే ట్యాంకు నింపుకుంటే మళ్ళీ రావడానికి సాకు ఉండదు కాబట్టి, ప్రతిరోజూ ఇంత చుక్క పోయించుకునేది. పౌరురాలు పెట్రోలు పోయించుకుంటూ పక్కవాళ్ళతో మాట్లాడరాదని అప్పటికి ఇంకా ఉత్తర్వు రాలేదు. నొప్పి తగ్గుముఖం పట్టాక నడక పెట్టించింది. తర్వాత కాలవ గట్టు మీద మెత్తటి మట్టిలో కాసేపు నడక, కాస్త పరుగు, మళ్ళీ నడక. తుంటికి బలం కోసం గాలిపైపు దగ్గర పక్కకి పడుకోబెట్టి కాలు ఎత్తించేది. చిల్లుపడ్డ టైరు తెచ్చినవాళ్ళు అది చూసి, దండం పెట్టి, పక్క బంకుకి పోయేవాళ్ళు. అబ్రహాంకి ఎప్పట్నుంచో మడమ నొప్పి. అతను కూడా వెక్కిరిస్తూ వెక్కిరిస్తూనే గట్టెక్కాడు.

"ఇవాళ ఇంకాస్త దూరం పొయ్యొచ్చా మేడం? అసల నొప్పి లేదు."

"నొప్పి లేదని దూరం పెంచితే నువ్వూ మా కమిషనర్ గారూ ఒకటే. రేపు విశ్రాంతి."

చెంచులక్ష్మికి పరుగు కంటే ఈ విశ్రాంతి రోజే గండంగా ఉండేది. పరీక్షకి తయారయ్యే పక్కూళ్ళ ఆడపిల్లలు బైపాస్ మీద దౌడు తీస్తుంటే చూస్తూ, ఒక కాలు మీద నిలబడి పెట్రోలు కొట్టేది.

ఈలోగా ఊరు బాగా పురోగమించింది. బజారులో ఒకడు ఒక పెద్దమనిషి జేబులోంచి పర్సు లాగాడు. లాగి రెండడుగులు పరిగెత్తి, ఎదురుగా బోర్డు చూసి, నడక అందుకున్నాడు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ వెంటపడ్డాడు, ఆయనా నడకే. దొంగ ముందు, కానిస్టేబుల్ వెనక, పర్సు పోయిన పెద్దమనిషి ఆ వెనక. గాంధీబొమ్మ నుంచి రైతుబజారు దాకా అట్లాగే వెళ్ళారు. మధ్యలో దొంగ సోడా తాగాడు. కానిస్టేబుల్ కూడా తాగాడు. మున్సిపాలిటీ హద్దు రాయి దాటగానే దొంగ పరుగు లంకించుకున్నాడు. ఆ రాయి అవతల కాలు బెణికినా లెక్క మనది కాదు. ఒక్క గాయం లేకుండా దొంగతనం పూర్తి చేసుకున్న మొదటి పట్టణంగా మా పేరు పేపర్లో వచ్చింది.

పేపరు చూసి పై నుంచి పరిశీలక బృందం దిగింది. బృందం పెద్ద తెల్లటి జుట్టుతో, ఎర్రటి ట్రాక్ సూటులో ఉన్నాడు. గ్రౌండులో వేసిన వేదిక మీద శాలువా కప్పించుకుని, గాయాల లెక్క చూసి, పొంగిపోయాడు. "సున్నా. అద్భుతం. ఇలాంటి అంకితభావం నేనెక్కడా చూడలేదు. ఇక ఒక లాంఛనం మిగిలింది. ఎవరైనా ఒక్కరు పరిగెత్తి చూపించండి."

 సిబ్బంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నెలల తరబడి విశ్రాంతి శిక్షణ పొందిన మనుషులు, కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టాలి. ఊళ్ళో పరిగెత్తేది ఒక్కతే అని అందరికీ తెలుసు. దశరథరామయ్య జీపెక్కి బంకుకి పోయాడు.

"అమ్మా చెంచులక్ష్మీ, బాగున్నావా తల్లీ."

"ఎంత కొట్టమంటారు సార్?"

"పెట్రోలు కాదమ్మా. గ్రౌండులో ఒక్క రౌండు పరిగెత్తి పో. ఊరి పరువు."

"పరిగెత్తను సార్. ఎల్లుండే నా పరీక్ష. ఇయ్యాల కాలుకి రెస్టు."

"ఒక్క రౌండుకి ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు సార్. అయితే మీరిస్తారా ఇంకో కాలు?"

ఆయన గొంతు మారింది. "నీకు నొప్పి ఉందా?"

"ఉందంటే మీ లెక్క చెడతది. లేదంటే పరిగెత్తమంటారు. ఏది చెప్పమంటారో మీరే చెప్పండి."

దశరథరామయ్య జేబులోంచి గ్రౌండు తాళంచెవి తీశాడు. "ఇది ఉంచుకో. ఇకమీదట నీ ఇష్టం. ఎప్పుడైనా తీసుకో, ఎంతైనా పరిగెత్తు."

చెంచులక్ష్మి దాన్ని అందుకోలేదు. "నేను సిమెంటు మీద ఎముక అరగదీసుకునేటప్పుడు ఇది యాడ పెట్టారు సార్? నాకు అప్పుడు గావాల. ఇప్పుడు మీకు గావాల." అని పక్క బండి వైపు తిరిగింది. "మీకెంత అన్నా?"

జీపు ఖాళీగా వెనక్కొచ్చింది. ఇక వేరే దారి లేక కమిషనర్ గారే లేచారు. ముందు స్వాగతోపన్యాసం అయింది, తర్వాత బృందం పెద్ద మాట్లాడాడు, తర్వాత జ్యోతి. ఇవన్నీ అయ్యేదాకా ఆయన మెడల్ సర్దుకుంటూ నిలబడ్డారు. నస్రీన్ దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పింది. "సార్, ముందు కాసేపు నడవండి. ఒక్కసారిగా అందుకోవద్దు."

"అమ్మా, నేను పట్నంలో పరిగెత్తినవాణ్ణి."

జెండా ఊపారు. కమిషనర్ గారు విల్లు వదిలిన బాణంలా బయల్దేరారు. తొడ వెనక ఏదో టప్పున అంది. ఆ చప్పుడు వేదిక దాకా వినబడింది. ఆయన అక్కడే, మట్టిలో, బాసింపట్టు వేసుకున్నట్టు కూర్చుండిపోయారు.

అందరికంటే ముందు నస్రీన్ చేరుకుంది. "సార్, నొప్పి ఉందా?"

ఆయన బృందం పెద్ద వంక చూశారు. "లేదు."

"లేకపోతే లేవండి."

"లేవను."

"ఎందుకని?"

"ప్రజాహితం దృష్ట్యా."

కళ్ళ వెంట ధారగా నీళ్ళు. ఈ పిల్ల ఎంత తిట్టినా మనసున్న పిల్ల. మోకాళ్ళ మీద కూర్చుంది. "సార్, ఎవరేమనుకుంటే మీకెందుకు. నొప్పి ఉందని ఒక్కమాట అనండి. ఇప్పుడే కట్టు కడతా, ఐసు పెడతా. నాలుగు వారాల్లో లేచి తిరుగుతారు. దాచుకుంటే నాలుగు నెలలు."

ఆయన పెదాలు కదిలాయి. అవతల బల్ల మీద, బృందం చూపించడానికి తెచ్చిన కప్పు మెరుస్తోంది. "నాకెలాంటి నొప్పీ లేదమ్మా. ఆనందం."

సిబ్బంది ఆయన్ని కుర్చీలో పెట్టి, కుర్చీని భుజాలకెత్తుకుని, డప్పులతో వేదిక మీదికి ఊరేగించారు. పరిగెత్తినవాణ్ణి ఇలా పల్లకీలో మోయడం ఈ ప్రాంతపు సంప్రదాయం కాబోలని బృందం పెద్ద ముచ్చటపడి, తననీ మొయ్యమన్నాడు. మోశారు. ఇద్దరు అటెండర్ల నడుములు పట్టేశాయి. నడుము కాలు కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

కప్పు ప్రదానం మాత్రం పట్నంలో పెట్టారు. అదే రోజు జిల్లా పోలీసు గ్రౌండులో పరుగు పరీక్ష. ఊరంతా కమిషనర్ గారి వెంట బస్సుల్లో పోయింది. చెంచులక్ష్మి వెంట నస్రీన్ పోయింది, ఆటో అబ్రహాంది.

విజిల్ వేయగానే ఆడపిల్లలందరూ ఉరికారు. చెంచులక్ష్మి చిట్టచివర, తీరుబడిగా బయల్దేరింది.

"ఏంది మేడం ఈ పిల్ల, పెళ్ళిచూపులకొచ్చినట్టు పోతంది," అని కంచె పట్టుకుని అబ్రహాం గోల. "లచ్చిమీ, అందరూ పొయినారే."

"నోరుముయ్యి అన్నా," అంది నస్రీన్. ఆమె పిడికిళ్ళు మాత్రం కంచె తీగని నలిపేస్తున్నాయి.

సగం దూరానికి ముందున్న వాళ్ళు బరువెక్కారు. ఒక పిల్ల డొక్క పట్టుకుంది. ఒక పిల్ల పిక్క పట్టుకుని ట్రాకు పక్కన కూలబడింది. చెంచులక్ష్మి ఏమీ పెంచలేదు. అదే అడుగు, అదే ఊపు. ఒక్కొక్కరినీ దాటుతోంది. చివరి మలుపు తిరిగాక ముఖం మారింది. అప్పుడు వదిలింది. ఇన్నాళ్ళూ పంపు కింద గట్టు మీద కూడబెట్టినదంతా వదిలింది. అబ్రహాం ఏం అరుస్తున్నాడో అతనికే తెలియదు. గీత దాటేసరికి టైం చూసే అధికారి తలూపి, వేలెత్తి, "క్వాలిఫై" అన్నాడు.

నస్రీన్ అక్కడ లేదు. కంచె దూకి, పిక్క పట్టుకుని కూలబడ్డ పిల్ల దగ్గర ఉంది. ఎవరమ్మా నువ్వు, నీది ఏ శాఖ అని ఒక కానిస్టేబుల్ అడుగుతున్నాడు. ఆమె వినిపించుకోవడం లేదు.

గీత దాటిన వాళ్ళు దాటినట్టే నేల మీద పడిపోతున్నారు. చెంచులక్ష్మి మాత్రం ఆగలేదు. నడుస్తోంది.

"ఏమ్మా, అయిపోయింది, కూర్చో," అన్నాడు అధికారి.

"ఒక్కసారే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తయి సార్. కాస్త నడవాల." పక్కన పడున్న పిల్ల చెయ్యి పట్టి లేపింది. "లే. నాతో రా. మెల్లగా."

ఆ పిల్ల లేచింది. దాన్ని చూసి ఇంకొకతె. పాసైన వాళ్ళు, తప్పిన వాళ్ళు, ఏడుస్తున్న వాళ్ళు, అందరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ట్రాకు చుట్టూ బయల్దేరారు. అబ్రహాం కూడా లోపల దూరి వాళ్ళ వెనక నడుస్తున్నాడు, ఎందుకో అతనికీ తెలియదు. మైకులో ఎవరో గ్రౌండు వెంటనే ఖాళీ చెయ్యాలని, తర్వాతి బ్యాచి ఉందని, ఇది ఉత్తర్వు అని చెబుతున్నారు.

ఎవరూ ఖాళీ చెయ్యలేదు.